చర్చ మర్నాటి తీర్పు: అమెరికా అధ్యక్ష వేదిక నుంచి కొత్తపట్నం తీరం దాకా

2018 జూలై 20, శుక్రవారం. పదిహేనేళ్ల తర్వాత లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం మీద చర్చ, అదీ మోదీ ప్రభుత్వం మీద. తీర్మానం పెట్టింది తెలుగుదేశం పార్టీ విజయవాడ ఎంపీ కేశినేని శ్రీనివాస్. చర్చ మొదలుపెట్టింది అదే పార్టీ గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్. ఆ రోజు ఒంగోలు ఎంపీ స్థానం ఖాళీగా ఉంది. నిజానికి ఆ ఏడాది మార్చిలో ఇదే ప్రభుత్వం మీద అవిశ్వాసానికి మొదట నోటీసు ఇచ్చింది ఒంగోలు ఎంపీ వై.వి. సుబ్బారెడ్డే. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం ఏప్రిల్ 6న ఆయనా, మరో నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలూ రాజీనామాలు ఇచ్చారు. జూన్‌లో స్పీకర్ వాటిని ఆమోదించారు. ఒంగోలు శాసనసభ నియోజకవర్గంలో ఒంగోలుతో పాటు ఉన్న మండలం కొత్తపట్నం. అక్కడి ఓటరు తన రాష్ట్రం మీద దేశమంతా చూస్తున్న వాదన జరిగిన రోజున, సభలో తన తరఫున ఒక్క మనిషి కూడా లేకుండా టీవీ ముందు కూర్చున్నాడు.

అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ పడేవాళ్లు ఎదురెదురుగా నిలబడి వాదించుకోవడం, ఆ వెంటనే ఎవరు నెగ్గారో జనాన్ని అడగడం ఆనవాయితీ. మన దేశంలో ప్రధాని పదవికి గానీ ముఖ్యమంత్రి పదవికి గానీ అలాంటి వేదిక లేదు. దానికి దగ్గరగా ఉన్నది చట్టసభ ప్రత్యక్ష ప్రసారమే. అందుకే ఈ వ్యాసం 2018 జూలై 20ని, దానికి ముందు రాష్ట్ర విభజన బిల్లు నాడు తెర చీకటైన 2014 ఫిబ్రవరి 18ని కలిపి చదువుతుంది. గుంటూరు, ఒంగోలు ప్రాంతాల ప్రేక్షకుడు చర్చను ఎలా అందుకున్నాడు, అతనికి దాన్ని ఎవరు అందించారు అన్నది ఇక్కడి ప్రశ్న.

ముందుగా అమెరికా అనుభవం. 1960 సెప్టెంబరు 26న షికాగోలోని సీబీఎస్ స్టూడియోలో కెన్నెడీ, నిక్సన్ వాదించుకున్నారు. సుమారు 7 కోట్ల మంది చూశారు. మోకాలి గాయంతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన నిక్సన్ తెర మీద పాలిపోయి కనిపించాడు. రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారని, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ గెలిచాడన్నారని అప్పటినుంచీ పాఠ్యపుస్తకాల్లో చెబుతూ వస్తున్నారు. దానికి ప్రధాన ఆధారం సిండ్లింగర్ సంస్థ చేసిన ఒక సర్వే. అందులో 2 వేల మందికి పైగా మాట్లాడితే, రేడియో శ్రోతలు 282 మందే. వాళ్లంతా ఏ ప్రాంతాలవాళ్లు, ముందే ఎవరి పక్షాన ఉన్నారు అన్నది తేలకుండా ఇంత పెద్ద మాట అనకూడదని 1987లో వాన్సిల్, పెండెల్ అనే పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. 2003లో జేమ్స్ డ్రక్‌మన్ ఆ చర్చనే కొత్త తరానికి చూపించి, వినిపించి చేసిన ప్రయోగంలో మాత్రం బొమ్మ ప్రభావం ఉన్నట్టే తేలింది. అంటే పాత కథ పూర్తిగా అబద్ధం కాదు, దానికి చూపిన ఆధారం మాత్రం బలహీనం.

మన పరిశీలనకు ఇంకా ముఖ్యమైనది 1976 అక్టోబరు 6 నాటి ఘట్టం. కార్టర్‌తో చర్చలో, తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం లేదని అధ్యక్షుడు ఫోర్డ్ అన్నాడు. ఆ రాత్రి ఫోన్లో పలకరించినప్పుడు ఎక్కువమంది ఫోర్డ్‌దే పైచేయి అన్నారు. మర్నాడంతా పత్రికలూ టీవీలూ ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూపించాయి. సాయంత్రానికి లెక్క పూర్తిగా తలకిందులైంది, కార్టర్ గెలిచాడన్నవాళ్లే ఎక్కువయ్యారు. చర్చలో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా ప్రేక్షకుడికి దాన్ని విడమరిచి చెప్పిన వాళ్ల మాట.

ఇప్పుడు మళ్లీ 2018కి వద్దాం. అమెరికా ప్రేక్షకుడికి ఫోర్డ్ మాట నేరుగా అర్థమైంది, వ్యాఖ్యానం మర్నాడు వచ్చింది. కొత్తపట్నం ప్రేక్షకుడికి అంత వ్యవధి లేదు. అమెరికాలో పెరిగి అక్కడే చదివిన జయదేవ్ మాట్లాడింది ఇంగ్లీషులో. ప్రధాని జవాబిచ్చింది హిందీలో. రాహుల్ గాంధీ ఇంగ్లీషునూ హిందీనీ కలిపి మాట్లాడారు. తెలుగు మాత్రమే తెలిసిన మనిషికి ఆ పన్నెండు గంటల వాదన తెలుగు చానల్ యాంకర్ గొంతులోంచి, తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగులోంచి వచ్చింది. పరిశోధకులు చర్చనూ చర్చానంతర వ్యాఖ్యానాన్నీ వేరు చేసి కొలుస్తారు. ఇక్కడ ఆ రెండూ ఒకేసారి చెవిన పడ్డాయి. అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన దగ్గర పనిచేయకపోవడానికి మొదటి కారణం ఇదే.

జయదేవ్‌కి ఈ ఇబ్బంది తెలిసినట్టే ఉంది. ఆయన లెక్కలతో మొదలుపెట్టలేదు. ఆ వేసవిలోనే ఆడిన మహేశ్‌బాబు సినిమా ‘భరత్ అనే నేను’ కథతో మొదలుపెట్టారు. ఇచ్చిన మాట తప్పకూడదని తల్లికి మాటిచ్చిన కొడుకు ముఖ్యమంత్రి అవుతాడు, ఆ మాట నిలబెట్టుకుంటాడు. మహేశ్ ఆయనకు బావమరిది కూడా. ఢిల్లీ విలేకరుల్లో కొందరికి ఇది వేడుకగా తోచి ఉండవచ్చు. గుంటూరులో టీవీ చూస్తున్న మనిషికి మాత్రం ఏ అనువాదమూ అక్కర్లేకుండా అందిన భాగం అదే. భాష అందని చోట సినిమా కథను వాహకంగా వాడుకోవడం తెలివైన వాదన పద్ధతి. దాన్ని తేలిక చేసి రాసినవాళ్లు ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో పట్టించుకోలేదు. అదే ప్రసంగంలో రాష్ట్ర విభజన జరిగిన తీరును తప్పుపట్టినప్పుడు తెలంగాణ రాష్ట్ర సమితి సభ్యులు లేచి అభ్యంతరం చెప్పారు. తెలుగువాళ్లు అంటే ఒకే ప్రేక్షక సమూహం కాదని ఆ నిమిషంలోనే తెర మీద కనిపించింది.

ఆ రాత్రి ఓటింగులో తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 వచ్చాయి. ఫలితం ముందే తెలిసిందే గనక పత్రికల దృష్టి వేరే చోటికి పోయింది. ప్రసంగం ముగించి రాహుల్ గాంధీ ప్రధాని దగ్గరికి నడిచి వెళ్లి కౌగిలించుకున్నారు, తిరిగొచ్చి కూర్చున్నాక కన్ను గీటారు. దేశంలోని ఇంగ్లీషు, హిందీ మాధ్యమాలకు మర్నాటి బొమ్మ అదే. తీర్మానం దేని కోసం పెట్టారో ఆ ప్రత్యేక హోదా బొమ్మ కింద ఎక్కడో మిగిలింది.

ఆంధ్రప్రదేశ్‌లో మర్నాడు వేరుగా నడిచింది. ఎన్డీయే నుంచి బయటికి వెళ్తున్నప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబుకు ఫోన్ చేసి, వైఎస్సార్ కాంగ్రెస్ ఉచ్చులో పడుతున్నారని హెచ్చరించానని ప్రధాని తన జవాబులో చెప్పారు. ఢిల్లీకి అది దారిన పోయే మాట. విజయవాడకీ ఒంగోలుకీ అదే అసలు మాట. జూలై 21న చంద్రబాబు ఢిల్లీలో పత్రికల వాళ్లతో మాట్లాడారు. వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత జగన్ 24న రాష్ట్ర బంద్‌కు పిలుపిచ్చారు. సభలో జరిగిన వాదన రాష్ట్రంలోకి వచ్చేసరికి కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య వాదనగా మిగల్లేదు, రెండు ప్రాంతీయ పార్టీలలో హోదా కోసం నిజంగా కొట్లాడింది ఎవరన్న వాదనగా మారింది. ఒకరు ‘ఎల్లో మీడియా’ అని, మరొకరు ‘నీలి మీడియా’ అని పిలుచుకునే చోట, జగన్ కుటుంబం స్థాపించిన సాక్షి చానల్ చూసే ఇంటికీ, పక్క ఇంటికీ ఆ చర్చ ఒకటిగా చేరే వీలు లేదు. రాజీనామా ఇచ్చిన ఒంగోలు ఎంపీ ఒక ఇంట్లో త్యాగి, ఇంకో ఇంట్లో పారిపోయినవాడు. ఇది చూసినవాళ్ల తప్పు అనుకోకూడదు, వాళ్లకు చేరిన బొమ్మలే వేరు.

అసలు ఎవరు ఎంత చూశారన్నది కూడా ఆలోచించాలి. జూలై అంటే గుంటూరు నల్లరేగడిలో పత్తి విత్తే కాలం. తీరంలో వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది గనక కొత్తపట్నం పల్లెపాలెం మత్స్యకారులు సముద్రం మీద ఉండే రోజులవి. ఉదయం పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా సాగిన చర్చను కూర్చుని చూసే తీరిక ఉన్నవాళ్లు ఉద్యోగులూ, విశ్రాంత ఉద్యోగులూ, రాజకీయాల్లో తిరిగేవాళ్లూ. మిగతావాళ్లకు చేరేది రాత్రి వార్తలు, లేదా 2016 తర్వాత చౌకగా దొరికిన డేటా పుణ్యమా అని ఫోనుకు వచ్చే రెండు నిమిషాల ముక్క. ఆ ముక్కను ఎక్కడ కోయాలో నిర్ణయించినవాడే ఆ చర్చకు న్యాయమూర్తి.

ఇక 2014 ఫిబ్రవరి 18. అంతకు ఐదు రోజుల ముందు, 13న, సభలో లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లిన దృశ్యం దేశమంతా చూసింది. 18న విభజన బిల్లు మీద సభ సాగుతుండగా లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమని అధికారులు చెప్పారు. తెలుగు చానళ్లలో ఢిల్లీ విలేకరులు ఫోన్లో చెబుతున్న మాటలే తప్ప బొమ్మ లేదు. మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గిందన్న వార్త అలా వచ్చింది. మర్నాడు ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేశారు.

హైదరాబాదులో రంగులు చల్లుకున్నారు, టపాసులు కాల్చారు. దశాబ్దాల పోరాటం ఫలించిన రోజు అది, అక్కడి జనానికి తెర మీద బొమ్మ లేకపోవడం పెద్ద విషయం కాలేదు. కోస్తాలో మాత్రం బిల్లు కంటే ఆ తెర చీకటే ఎక్కువ కాలం గుర్తుండిపోయింది. ‘తలుపులు మూసి, టీవీ ఆపి విడగొట్టారు’ అన్న మాట ఆ తర్వాత ఎన్నికల సభల్లో వినిపించింది. 2022 ఫిబ్రవరి 8న రాజ్యసభలో ప్రధాని ఆ రోజు మైకులు ఆపారని, చర్చ జరగలేదని ప్రస్తావించినప్పుడు తెలంగాణలో నిరసనలు రేగాయి. చూపించని చర్చకు కూడా ప్రేక్షకులు ఉంటారని, వాళ్ల స్పందన ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆరదని దీన్నిబట్టి తెలుస్తుంది. 2018 జూలై చర్చను గుంటూరు మనిషి చూసింది ఈ జ్ఞాపకంతోనే. అందుకే రాహుల్ కౌగిలింత అతనికి ఢిల్లీకి కనిపించినంత పెద్దదిగా కనిపించలేదు.

కొత్తపట్నానికి వాదన వినే విషయంలో ఇంకా పాత చరిత్ర ఉంది. 1937 వేసవిలో, ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, ఆంధ్ర వామపక్ష యువకులు ఇక్కడ రాజకీయ పాఠశాల పెట్టారు. అర్థశాస్త్రం, రాజకీయాలు చెప్పి వాదించడం నేర్పాలని వాళ్ల ఉద్దేశం. కూర్మా వెంకటరెడ్డి నాయుడు మధ్యంతర మంత్రివర్గం దాన్ని నిషేధించింది. పోలీసులు లాఠీలతో వచ్చి చెదరగొట్టి అరెస్టులు చేశారు. వాదన వినడానికి ఊరికి వచ్చిన వాళ్లను కొట్టి పంపిన చరిత్ర ఉన్న చోట, చట్టసభ వాదన ఇంట్లోకి నేరుగా రావడం చిన్న సంగతి కాదు. ప్రత్యక్ష ప్రసారం విలువ ఏమిటో ఈ ఊరి నుంచి చూస్తే బాగా తెలుస్తుంది.

2024లో ఈ ప్రాంతపు ఇళ్లు అమెరికా చర్చలకు కూడా ప్రేక్షకులయ్యాయి. అక్కడి తూర్పు తీరంలో రాత్రి తొమ్మిది అంటే ఇక్కడ మర్నాడు ఉదయం ఆరున్నర. జూన్ 27న అట్లాంటాలో ట్రంప్‌తో చర్చలో బైడెన్ తడబడటం తెలుగు చానళ్ల ఉదయం వార్తలకు సరిగ్గా అందింది. ఆ చర్చను అమెరికాలో 5 కోట్ల మందికి పైగా చూశారు. సీఎన్ఎన్ వెంటనే చేసిన సర్వేలో 67 శాతం ట్రంప్ మెరుగన్నారు. నెల తిరక్కముందే, జూలై 21న, బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు. సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, హారిస్ ఎదురైనప్పుడు ప్రేక్షకులు 6 కోట్ల 70 లక్షలు. ఈసారి 63 శాతం హారిస్ వైపు మొగ్గారు. నవంబరులో గెలిచింది ట్రంప్. చర్చలో పైచేయికీ ఓటుకీ మధ్య ఎంత దూరం ఉందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు.

తెలుగు మాధ్యమాలకు అసలు ఊపు వచ్చింది అక్టోబరు 1న, జేడీ వాన్స్, టిమ్ వాల్జ్ ఉపాధ్యక్ష చర్చకు. వాన్స్ భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు తణుకు దగ్గర వడ్లూరులో ఉన్నాయి. ‘ఆంధ్రా అల్లుడు’ అన్న మాట జూలైలోనే స్థిరపడిపోయింది. సీబీఎస్ సర్వేలో వాన్స్‌కు 42 శాతం, వాల్జ్‌కు 41 శాతం, అంటే అక్కడ సమానమే. ఆ చర్చలో వలసల మీద వాదన ముదిరి, నిర్వాహకులు మైకులు ఆపేశారు. గుంటూరులో, ఒంగోలులో పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న, వీసా కోసం ఎదురుచూస్తున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు కావలసింది ఆ వలస వాదన సారం. మన వార్తల్లో పెద్దపీట దక్కింది చుట్టరికానికి. వడ్లూరులో పూజలు చేసిన వాళ్ల సంతోషం సహజం, దాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. ఆ మైకు ఎందుకు ఆగిందో తెలుగులో వివరంగా చెప్పకపోవడం మాత్రం పత్రికా ధర్మానికి లోటే.

మన దేశంలోనూ అదే ఏడాది మే 9న మాజీ న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఎ.పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి మోదీ, రాహుల్ గాంధీ ఇద్దరినీ బహిరంగ చర్చకు రమ్మని లేఖ రాశారు. రాహుల్ సరేనన్నారు. ఆ చర్చ జరగలేదు. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు అయిపోయింది.

రాష్ట్రంలో పరిస్థితి ఇంకా దిగులు పుట్టిస్తుంది. 2017 నవంబరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభను బహిష్కరించింది. 2021 నవంబరు 19న చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి సభ నుంచి వెళ్లిపోయారు. 2024లో 11 స్థానాలకు తగ్గిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా కోరుతూ మళ్లీ సభకు దూరంగా ఉంది. కారణాలు ఎవరికి వాళ్లకు ఉండవచ్చు. ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే, ఇద్దరు నాయకులు ఒకే తెర మీద ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పే అవకాశం ఏళ్ల తరబడి పోయింది. వాళ్లకు బదులు చానళ్ల రాత్రి చర్చల్లో అధికార ప్రతినిధులు గొంతు చించుకుంటున్నారు.

ఈ స్థితిలో పరిశోధన చేయదలచినవాళ్లకు 1976 పద్ధతే మార్గం, కొన్ని మార్పులతో. చర్చ జరిగిన రాత్రి, మర్నాటి రాత్రి, వారం తర్వాత అవే ఇళ్లను అడగాలి. ఏ చానల్ చూశారో, పూర్తిగా చూశారా ఫోన్లో ముక్క చూశారా, నాయకుడి గొంతు నేరుగా విన్నారా యాంకర్ చెబితే విన్నారా అన్నది విడివిడిగా రాసుకోవాలి. పల్లెపాలెంలో వేటకు వెళ్లి వచ్చినవాళ్లను, పత్తి చేలో పనికి వెళ్లిన ఆడవాళ్లను వదలకూడదు. ఒంగోలు పట్నంలో నాలుగు ఇళ్లు అడిగి ప్రకాశం జిల్లా అభిప్రాయం అని రాస్తే, 282 మంది రేడియో శ్రోతలతో చేసిన పొరపాటునే మళ్లీ తెలుగులో చేసినట్టవుతుంది.