తీరిక వేళల్లో గీసిన స్పర్శరేఖ

మన సంఘ ప్రత్యేక సంచికలో డి.ఏ. బకాయిల గురించీ, పెన్షన్ సవరణ గురించీ రాయగల మిత్రులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనలాంటి ఒక సర్కారు ఉద్యోగి గురించి రాయదలచాను. ఆయన పేరు పియర్ ద ఫెర్మా. ఫ్రాన్సులోని టులూజ్ న్యాయస్థానంలో 1631 నుంచి సభ్యుడు. పగలంతా వ్యాజ్యాలు, కాగితాలు. గణితం ఆయనకు జీతం తెచ్చిన పని కాదు, తీరిక వేళల్లో చేసుకున్న పని.

ఆ రోజుల్లో పండితులను వేధించిన ప్రశ్న ఒకటుంది. ఒక వక్రాన్ని ఒక బిందువు దగ్గర తాకుతూ పోయే స్పర్శరేఖను గీయడం ఎలా? దాని వాలు ఎంత? వృత్తానికైతే యూక్లిడ్ నాటికే జవాబుంది. కొత్త వక్రాలకు లేదు. 1637లో రెనె డెకార్ట్ తన రేఖాగణిత గ్రంథంలో ఒక మార్గం చూపాడు. ఫెర్మా తన పద్ధతిని చిన్న వ్రాతప్రతిగా పారిస్‌కు పంపాడు. అది మెర్సెన్ అనే సన్యాసి చేతుల మీదుగా డెకార్ట్‌కు చేరింది. శాస్త్ర పత్రికలు లేని ఆ కాలంలో పండితులకు ఇన్‌వర్డు, అవుట్‌వర్డు సెక్షను మెర్సెన్ గారే.

డెకార్ట్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. 1638లో ఒక వక్రాన్ని చూపి, దీనికి స్పర్శరేఖ గీయమని సవాలు విసిరాడు. లెక్కకు వీలుగా ఇలా రాసుకుందాం: ఎక్స్ ఘనం, వై ఘనం కలిపితే ఎక్స్, వైల లబ్ధానికి 6 రెట్లు. ఇందులో వైని విడదీసి ఒక పక్కన పెట్టడం తేలిక కాదు. భార్యాభర్తల జాయింటు ఖాతా వంటిది, ఎవరి వాటా ఎంతో విడిగా కనిపించదు.

నేడు ఇంటర్ పిల్లలు దీన్ని ఇంప్లిసిట్ డిఫరెన్షియేషన్‌తో చేస్తారు. వైని విడదీయకుండానే రెండు వైపులా అవకలనం చేసి, వై మారిన చోటల్లా వాలుతో గుణిస్తారు. ఎక్స్ 3, వై 3 అనే బిందువు తీసుకోండి. 27, 27 కలిపితే 54. 6 సార్లు 9 కూడా 54. కాబట్టి బిందువు వక్రం మీదే ఉంది. అవకలనం చేస్తే ఎడమవైపు 27 + 27 వాలు, కుడివైపు 18 + 18 వాలు వస్తాయి. కనుక వాలు మైనస్ 1.

ఫెర్మాకు ఈ గుర్తులు లేవు. బిందువును రవ్వంత జరిపి, ఆ జరుపును చివర వదిలేసే తన పద్ధతితోనే జవాబు చెప్పాడు. అదే ఏడాది జూలైలో ఆ పద్ధతి మంచిదేనని డెకార్ట్ ఉత్తరం రాశాడు.

తర్వాత 1672లో న్యూటన్ ఇలాంటి సమీకరణాలకే ఒక నియమాన్ని కాలిన్స్‌కు లేఖలో తెలిపాడు. లైబ్నిజ్ 1684లో తన కలనగణితాన్ని అచ్చువేశాడు. ఖ్యాతి వారిద్దరికీ దక్కింది. ఫెర్మా తన పేరిట దాదాపు ఏమీ అచ్చువేయకుండానే, సర్వీసులో ఉండగానే 1665లో కన్నుమూశాడు. ఆయన రచనల సంపుటాన్ని కుమారుడు 1679లో ప్రచురించాడు.

నోటు రాసేది గుమాస్తా, సంతకం పై అధికారిది అన్న సంగతి మనకు కొత్త కాదు. అయితే ఇక్కడ ఫైలు మళ్లీ తెరుచుకుంది. తన పద్ధతికి సూచన ఫెర్మా స్పర్శరేఖల నుంచే అందిందని న్యూటన్ స్వయంగా రాసిన మాట 1934లో వెలువడిన ఆయన జీవిత చరిత్ర ద్వారా లోకానికి తెలిసింది. సుమారు 270 ఏళ్లు ఆలస్యమైనా, ఆ బకాయి చెల్లింది. మీ మనుమలు ఈ లెక్క చేస్తున్నప్పుడు, దీని వెనుక ఒక ఉద్యోగి తీరిక వేళలున్నాయని వారికి తప్పక చెప్పండి.