తల్లి, కూతురు, చరిత్ర: చలనచిత్రాన్ని ఆధారంగా చదవడం

1. ప్రస్తావన

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, ఫర్మానాలు, రెవెన్యూ రికార్డులు గుర్తుకొస్తాయి. ఒక పాత పహాణీ తీసి చూడండి. భూమి ఎవరి పేరున ఉందో, ఎంత ఉందో, శిస్తు ఎంతో అందులో తెలుస్తుంది. ఆ పొలంలో నాటు వేసిన తల్లి తన కూతురికి ఏమి ఇవ్వగలిగిందో, ఏమి ఇవ్వలేకపోయిందో మాత్రం ఏ రికార్డులోనూ దొరకదు. ఈ లోటును పూరించడానికి చరిత్రకారులు ఆశ్రయించే ఆధారాలలో చలనచిత్రం ఒకటి.

ఇంగ్లాండులో 1961లో వచ్చిన ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ ఇందుకు మంచి ఉదాహరణ. షెలా డెలానీ నాటకం ఆధారంగా టోనీ రిచర్డ్‌సన్ దీనిని తీశారు. సాల్ఫోర్డ్ అనే పారిశ్రామిక పట్టణంలోని పేద తల్లీకూతుళ్ల కథ ఇది. స్టూడియో సెట్టింగులు వదిలి అసలైన వీధుల్లో, కాలువ గట్లపై చిత్రీకరించడంతో, ఆనాటి శ్రామికుల జీవితానికి ఇది ఆధారంగా కూడా నిలిచింది. మరి మన ప్రాంతపు తల్లీకూతుళ్ల చరిత్రను ఏ చిత్రాలలో వెతకాలి? రెండు తెలుగు చిత్రాలను పరిశీలిద్దాం.

2. ‘దాసి’: తల్లి కానివ్వని వ్యవస్థ

బి. నర్సింగరావు దర్శకత్వంలో వచ్చిన ‘దాసి’ (1988) నిజాం పాలననాటి తెలంగాణ గడీలో జరుగుతుంది. దొరసాని అత్తవారింటికి వచ్చేటప్పుడు అరణంగా దాసీలను వెంట పంపడం ఆనాటి ఆచారం. ఇటువంటి స్త్రీలను ఆడబాప అని కూడా పిలిచేవారు. వారికి జీతం లేదు, పెళ్లి లేదు. కథానాయిక కమలాక్షి దొర వల్ల గర్భవతి అవుతుంది. గడీ ఆ గర్భాన్ని ఉండనివ్వదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అరణంలో భాగంగా ఒక పిల్ల గడీకి చేరిందంటే, అంతకు ముందే ఆ పిల్ల ఒక తల్లికి దూరమైందని అర్థం. పెరిగాక అదే పిల్లకు తల్లి అయ్యే హక్కు కూడా లేకుండా పోయింది. అంటే వెట్టి శ్రమను మాత్రమే కాదు, తల్లీబిడ్డల బంధాన్ని కూడా దోచుకుంది. ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి (అర్చన) సహా ఐదు జాతీయ పురస్కారాలు పొందింది.

3. రైలు, తండా, కట్నం

రెండవ చిత్రానికి వెళ్లేముందు దాని వెనుక ఉన్న ఆర్థిక చరిత్రను తెలుసుకోవాలి. లంబాడీలు ఒకప్పుడు ఎడ్ల బిడారులపై ఉప్పు, ధాన్యం రవాణా చేసిన వర్తకులు. 1874లో వికారాబాద్, తాండూరుల మీదుగా వాడి–హైదరాబాద్ రైలుమార్గం ప్రారంభమైంది. రైళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ బిడారు వర్తకం దెబ్బతిన్నది. లంబాడీలు క్రమంగా తండాలలో స్థిరపడి సేద్యానికీ, కూలిపనులకూ మళ్లారు.

వారి వివాహాలలో వరుని తరఫువారే వధువు ఇంటికి ఓలి ఇచ్చేవారు. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ పద్ధతి తిరగబడి కట్నం ప్రవేశించింది. ఓలి ఉన్న రోజుల్లో కూతురు ఇంటికి బరువు కాదు. కట్నం వచ్చాక బరువైంది. 1999–2001 ప్రాంతంలో దేవరకొండ తదితర ప్రాంతాల తండాల నుంచి ఆడశిశువుల విక్రయాలు వార్తలకెక్కాయి. వాటిని తల్లుల కాఠిన్యంగా చూస్తే సగం చరిత్రే తెలుస్తుంది. మిగతా సగం పేదరికం, కట్నం, శిశువులతో వ్యాపారం చేసిన మధ్యవర్తులు.

4. ‘కమ్లి’: బిడ్డ కోసం పోరాటం

కె.ఎన్.టి. శాస్త్రి తీసిన ‘కమ్లి’ (2006) ఈ నేపథ్యంలో వచ్చింది. నందితా దాస్ కమ్లిగా నటించారు. ఆసుపత్రిలో మగబిడ్డ స్థానంలో ఆడబిడ్డ చేరడంతో ఒక పేద లంబాడీ తల్లి చేసే పోరాటమే కథ. దీనికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. గడీలో కమలాక్షికి లేని గొంతు కమ్లికి ఉంది. కాని ఆడబిడ్డ విలువ తక్కువన్న లెక్క మాత్రం రెండు కాలాలకూ ఉమ్మడిగా మిగిలింది.

5. ఎలా చదవాలి?

చలనచిత్రాన్ని శాసనంలా నమ్మకూడదు. కట్టుకథ అని తోసిపుచ్చనూ కూడదు. ప్రతి చిత్రంలో రెండు కాలాలు ఉంటాయి: కథ జరిగిన కాలం, చిత్రం తీసిన కాలం. ‘దాసి’ నిజాం కాలం గురించి చెబుతూనే, రైతుకూలీ ఉద్యమాల తర్వాతి తెలంగాణ తన గతాన్ని ఎలా చూసుకున్నదో కూడా చెబుతుంది. ‘కమ్లి’లో ఈ రెండు కాలాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. కాబట్టి చిత్రంలో చూసినదాన్ని రికార్డులతో, మౌఖిక సాక్ష్యాలతో పోల్చుకోవాలి.

ఆ సాక్ష్యం మీకు ఎంతో దూరంలో లేదు. పరిగి పరిసర గ్రామాల్లో, తండాల్లో ఓలి నుంచి కట్నానికి మారిన కాలాన్ని చూసిన వృద్ధ స్త్రీలు ఇంకా ఉన్నారు. ఏటేటా వారి సంఖ్య తగ్గుతోంది. వారు చెప్పగలిగింది ఏ కచేరీలోనూ భద్రపరచి లేదు.

6. సారాంశం

తల్లీకూతుళ్ల బంధం కేవలం ఇంటి విషయం కాదు. భూస్వామ్యం, రవాణా, వివాహ వ్యయం దానిని మలిచాయి. అధికారిక రికార్డులు వదిలేసిన ఈ చరిత్రను చిత్రాలు సూచిస్తాయి. నిర్ధారించుకోవలసిన బాధ్యత విద్యార్థిది.

అభ్యాసం

1. అరణపు దాసీ వ్యవస్థ తల్లీబిడ్డల బంధాన్ని ఎలా దెబ్బతీసిందో వివరించండి.
2. రైలుమార్గాలకూ, తండాల ఏర్పాటుకూ గల సంబంధాన్ని చర్చించండి.
3. మీ అమ్మమ్మతో గాని, మీ ఊరి వృద్ధురాలితో గాని ఆమె పెళ్లినాటి ఇచ్చిపుచ్చుకోవడాల గురించి మాట్లాడి, ఆమె అనుమతితో ఒక పేజీ రాయండి.