వెనక అట్ట లోపలి పెన్సిలు రాతలు

1978లో కడప ఏడు రోడ్ల దగ్గరి ఒక సందులో అద్దె పుస్తకాల అంగడి ఉండేది. నేను ఆ అంగడి మెట్లెక్కింది మొత్తం మీద నాలుగైదు సార్లే. ఆడపిల్లలు అక్కడ నిలబడితే బాగుండదని మా నాయన అనేవాడు. అందుకే చీటీ రాసి తమ్ముని చేతికిచ్చి పంపేదాన్ని. చీటీలో మూడు నవలల పేర్లుండేవి. మొదటిది ఎవరైనా తీసుకుపోయింటే రెండోది, అదీ లేకుంటే మూడోది. అద్దె రోజుకు పావలా. ఆ మూడు పేర్లూ నేను ఎంచుకున్నవి కావు, ఇంటర్మీడియట్‌లో నా బెంచీ మీద కూర్చునే పిల్లలు చెప్పినవి.

పుస్తకం ఇంటికొచ్చినాక నేను మొదట తెరిచేది వెనక అట్ట. పైన ఖాకీ కాగితం వేసి, వీపు మీద నంబరు రాసుండేది. లోపల తెల్లగా మిగిలిన చోట, ముందు చదివినవాళ్లు పెన్సిలుతో రాసిన మాటలుండేవి. "బాగుంది." "చివర్లో ఏడుపొస్తుంది, పరీక్షల ముందర చదవొద్దు." "హీరో మంచోడు కాదు." దాని కిందనే వేరే దస్తూరీలో, "మంచోడే. 112వ పేజీ మళ్లీ చదువు." రాసినవాళ్ల పేర్లుండవు. "బీకాం ఫైనల్" అనో "బైపీసీ" అనో మాత్రం ఉండేది. ఒక నవల వెనక ఇట్లాంటి రాతలు పదిహేడు లెక్కపెట్టినాను. ఆ బీకాం ఫైనల్ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. అయినా ఆ మనిషి బాగుందన్న పుస్తకం ఒక్కటి కూడా నన్ను నిరాశపరచలేదు.

నవల ఎవరు రాసినారో, ఏ ఏట అచ్చయిందో సాహిత్య చరిత్రల్లో దొరుకుతుంది. ఏ పిల్ల ఏ పిల్లకు చెబితే అది ఊరంతా తిరిగిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఉద్యోగమొచ్చి కర్నూలు చేరి, ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పినదాన్ని, నాకు తెలిసినంతవరకైనా రాయాలనిపించింది.

సీమకు నవల కోస్తా నుంచి వచ్చిన సరుకు అని చాలామంది అనుకుంటారు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' వెలువడటం మొదలైంది 1878లో. అంతకు ఆరేళ్ల ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ సెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర' వచ్చింది. ఈ దేశపు ఆచార వ్యవహారాలు తెలిపే కథలు కావాలని వైస్రాయి లార్డ్ మేయో ఇప్పించిన ప్రకటన ఆయన్ను ఆ పనికి పురికొల్పింది. 1886లో మద్రాసులో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువల్ రాసింది కూడా ఈ సెట్టిగారే. జిల్లా భూములూ శిస్తులూ కరువులూ లెక్కగట్టిన చెయ్యే నవలా రాసింది. తన రచనను ఆయన నవీన ప్రబంధం అన్నాడు, వీరేశలింగం తన దాన్ని వచన ప్రబంధం అన్నాడు. 'నవల' అనే పేరు ఆ తర్వాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి పెట్టింది. ఏది మొదటిదన్న తగువు పండితుల మధ్య ఇంకా తెగలేదు. నేను మాత్రం మా కర్నూలు మనిషి పక్షమే.

అయితే ఆ పుస్తకాన్ని కర్నూలులో ఎంతమంది చదివుంటారు? 1876-78 కరువు ఈ జిల్లాను ఊడ్చేసింది. గంజికేంద్రాల ముందర నిలబడిన జనానికి నవల ఎవరు చేతికిస్తారు? పుస్తకం మనుషుల దగ్గరికి నడిచిపోవాలని పట్టుబట్టినవాడు ఆ కరువు తర్వాత ఐదేళ్లకు, 1883లో, కర్నూలులోనే పుట్టినాడు. ఆయన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైనప్పుడు కొమర్రాజు లక్ష్మణరావుతో కలిసి నడిచినాడు. మండలి మొదటి పుస్తకం, అబ్రహాం లింకన్ చరిత్ర, ఆయన రాసిందే. ఆ మండలి పెట్టిన నవలల పోటీలే మన చారిత్రక నవలలకు దారి వేసినాయి. తర్వాత ఆయన జీవితమంతా గ్రంథాలయ ఉద్యమమే. 1960 ఫిబ్రవరిలో ఆయన పోయినాడు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆ ఏడాదిదే. ఇంటి పన్ను మీద మనం కట్టే గ్రంథాలయ సెస్సు ఆ చట్టం నుంచి వచ్చిందే.

చట్టం వచ్చింది, సెస్సు వచ్చింది. కానీ నా చిన్నతనంలో నేనెరిగిన ఒక లైబ్రరీలో నవలల బీరువాకు తాళం ఉండేది. పత్రికలు బల్ల మీద, నవలలు అద్దం వెనక. తాళం తియ్యమని అడగాలంటే పుస్తకం పేరు ముందే తెలిసుండాలి. ఆ పేరు తెలిసేది తోటి పిల్లల నోటనే.

ఆ నోటిమాట ఎక్కువగా నడిచింది నీళ్ల దగ్గర. మునిసిపల్ కొళాయి రెండు రోజులకొకసారి వచ్చేది. బిందెలు వరసలో పెట్టి గంటల తరబడి కాచుకునేవాళ్లం. మా వీధిలో డిగ్రీ చదివే ఒక అక్క అక్కడ కూర్చుని 'సెక్రటరీ' కథ మూడు సాయంత్రాలు చెప్పింది. యద్దనపూడి సులోచనారాణి ఆ నవల 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిందట. మా చేతికి అందేసరికి దానికి పన్నెండేళ్లు దాటినాయి. రాజశేఖరం కారు, జయంతి అభిమానం విని, నీళ్లొచ్చినా బిందె కొళాయి కింద పెట్టడం మరిచిపోయినాము. "మే, ఇంగ చెప్పను. మిగతాది నువ్వే చదువు మే" అని ఆపేసింది. కథంతా చెప్పి ఆఖరు ఘట్టం దాచిపెట్టడం ఆమె పద్ధతి. తర్వాత నేను క్లాసులో అదే పద్ధతి వాడుకున్నాను.

ఆ అక్కే ఇంకొక సంగతి నేర్పింది. నేను ఏ నవల తిరిగిచ్చినా "నచ్చింది" అని ఊరుకుంటే ఒప్పుకునేది కాదు. "ఎందుకు నచ్చిందో చెప్పు" అనేది. ఆ పట్టుదల ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె పెట్టెలోనే చూసినాను. అడుగున 'సంవేదన' పాత సంచికలు ఉండేవి. రాచమల్లు రామచంద్రారెడ్డి 1968-69లో కడప నుంచి నడిపిన పత్రిక అది. పేరున్న రచయితనైనా నిలదీసి అడిగే విమర్శ రా.రా.ది. నిలిచింది కొద్ది కాలమే. అయినా పదేళ్ల తర్వాత కూడా కొళాయి దగ్గరి ఒక పిల్లను "ఎందుకు?" అని అడిగించింది.

1980 ప్రాంతంలో వారపత్రికలు మమ్మల్ని రెండు జట్లు చేసినాయి. ఒక జట్టు ఆంధ్రభూమిలో యండమూరి 'తులసిదళం' కోసం కాచుకునేది. హాస్టల్లో ఒకమ్మాయి గట్టిగా చదివితే పదిమంది వినేవాళ్లు, ఆ రాత్రి బాత్రూముకు ఒంటరిగా ఎవరూ పోయేవాళ్లు కాదు. ఇంకో జట్టుది ఆంధ్రజ్యోతిలో వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం'. ఆయన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పేవాడు. కడప కాలేజీలూ అప్పుడు ఆ యూనివర్సిటీ కిందివే. ఎమ్మేకు తిరుపతి పోయిన సీనియర్లు సెలవులకు వచ్చి, "ఆ నవల రాసేది మా యూనివర్సిటీ సారే" అని ఎంత గర్వంగా చెప్పేవాళ్లో! నేను రెండో జట్టు. వారం వారం పేజీలు చింపి, సూదీ దారంతో కుట్టి, గోధుమపిండి బంక పెట్టి అట్ట వేసినాను. ఆ పుస్తకం నా దగ్గరుండింది తక్కువ, తిరిగింది ఎక్కువ. తిరిగొచ్చిన ప్రతిసారీ వెనక అట్ట లోపల ఒక కొత్త దస్తూరీ చేరేది.

ఉద్యోగమొచ్చి కర్నూలు చేరినాక దాన్నీ తీసుకొచ్చుకున్నాను. ఇక్కడి పిల్లలు నాకు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'ఏడుతరాలు' చెప్పినారు. అలెక్స్ హేలీ ఇంగ్లీషు నవలకు సహవాసి తెలుగు. వలసపోయిన కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి దాన్ని నా బల్ల మీద పెట్టి, "మేడం, ముందు మీరు చదవండి. తర్వాత పాఠం చెప్పండి" అన్నాడు. చదివినాను. ఆ వారం పాఠం చెప్పలేదు, ఆ పుస్తకం గురించే మాట్లాడుకున్నాము.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర కర్నూలు పాతబస్తీ మీదికి వచ్చింది. ఏళ్ల తరబడి వానకు మొహం వాచిన జిల్లాలో నీళ్లు ఇళ్లను ముంచినాయి. మూడో రోజు తలుపు తీసేసరికి నా పుస్తకాలు బురద ముద్దలు. కుట్టిన 'అనుక్షణికం' ఎండబెడితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకలాగా అయింది. వెనక అట్ట మాత్రం విడిగా ఊడొచ్చింది. పెన్సిలు రాత కాబట్టి చెదరలేదు. అందులో నాలుగు దస్తూరీలు ఇప్పటికీ చదవొచ్చు. ఆ అట్ట నా బీరువాలో ఉంది.

నేను రిటైరయ్యే ముందర, గొర్రెల కాపరుల ఇంటి నుంచి వచ్చిన ఒక డిగ్రీ పిల్లవాడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' తెచ్చిచ్చినాడు. 2019లో తానా బహుమతి పొందిన నవల అది. కరువుకు గొర్రెల్ని తోలుకొని నల్లమల ఎక్కే కడప జిల్లా కాపరుల కథ. అప్పటికి అది ఇంకా సినిమా కాలేదు. "మా నాయనకు చదివి వినిపించినా మేడం. ఇది రాసినాయన మనతో అడివికి వచ్చినాడా అని అడిగినాడు" అన్నాడు. ఆ తండ్రికి చదువు రాదు. మా చిన్నప్పటి నవలల్లో కార్లుండేవి, బంగళాలుండేవి, కొళాయి దగ్గర కూర్చుని మేము వాటిని కలగనేవాళ్లం. మా గొర్రెలూ మా కొండా మా మాటా ఉన్న నవలను ఒక విద్యార్థి తన తండ్రికి చెప్పడం నేను చూడగలిగినాను. నా ఉద్యోగంలో నాకు దక్కిన అన్నిటికంటే పెద్ద సంతోషం అదే.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పుస్తక పఠనం గొప్పతనం మీద పిల్లలతో వ్యాసాలు రాయిస్తారు. లైబ్రేరియన్లకూ తెలుగు మాస్టర్లకూ నాదొక మనవి. ఈసారి ఒక్క సాయంత్రం, తనకు నచ్చిన నవల ఏదో, ఎందుకు నచ్చిందో ఒక్కొక్క పిల్లను చెప్పనీయండి. వింటున్నవాళ్లలో ఎవరైనా అది కావాలంటే, అప్పటికప్పుడు బీరువా తెరిచి చేతికివ్వండి. వెనక అట్టలో ఒక తెల్ల కాగితం అంటించి, పక్కన పెన్సిలు పెట్టండి.