తాగనివారి లివరు కథ

స్కానులో లివరుకు కొవ్వని వస్తే, "చాటుగా తాగుతున్నాడేమో" అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. అమెరికాలో కొందరు డాక్టర్లూ అలాగే అనుకునేవారట. 1980లో మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం, తాగనివారి లివరులోనూ అదే కొవ్వు, అదే వాపు చూసి ఆ జబ్బుకు పేరు పెట్టింది.

తర్వాతి సంగతిలో మనవాడొకరున్నారు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన జనార్దన్ రెడ్డిగారు, షికాగో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో. కొన్ని కొవ్వులను కరిగించే ఎంజైము జీన్‌ను చిట్టెలుకల్లో తీసేశారు. కొవ్వు పేరుకుంది, వాపొచ్చింది, వయసు మీరాక క్యాన్సరు గడ్డలు లేచాయి. 1998లో ఆయన బృందం ఇది ప్రచురించింది. ఆ ఎలుకలకు సారాయి ఎవరు పోశారు?

ఎలుక మనిషి కాదు, కొవ్వున్న అందరికీ క్యాన్సరూ రాదు. కానీ 2023లో పెద్ద డాక్టర్ల సంఘాలు జబ్బు పేరులోంచి ఆల్కహాల్ మాటే తీసేశాయి.