గడ్డిపరుపు లెక్కకెక్కిన కథ

కుండలను సంతకు తోలుకొనిపోవు కుమ్మరి బండిలో వరిగడ్డి పరచి, కుండకును కుండకును నడుమ మరికొంత దూర్చి, అరచేతితో అదిమి చూచుకొనుట మన పల్లెలలో తరతరములుగా సాగిన పని. గడ్డి పలుచనైనచో కుండ బండిచెక్కకు తగులును. మితిమీరి కూరినచో గడ్డియే చెక్కవలె బిగిసి కుండను పగులగొట్టును. ఈ నడిమి మేర యెంతయో వాని అరచేతికి తెలియును. దానిని సమీకరణములలోనికి దింపిన గొప్ప ప్రయత్నము మాత్రము అమెరికాలో, రెండవ ప్రపంచయుద్ధకాలమున, గాజు వాల్వులవంటి సుకుమార వస్తువులను భద్రముగా చేరవేయుట యెట్లను చిక్కు నడుమ సాగెను.

కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన రేమండ్ మిండ్లిన్ బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలకై చేసిన యీ పరిశోధనము 1945లో వారి సాంకేతిక పత్రికయందు నాలుగు భాగముల దీర్ఘవ్యాసమై వెలువడెను. మెత్తను, అందు పొదిగిన వస్తువును, ఆ వస్తువులో ఊగు సన్నని భాగమును ఆయన బరువులుగను స్ప్రింగులుగను భావించి గణితము నడపెను. మీటరు ఎత్తునుండి జారిపడిన పెట్టెలోని వస్తువు, ఒత్తిడికి తగినట్లు సమముగా నణగు మెత్తపై 5 సెంటీమీటర్లలో నిలిచినచో, దానికి తగులు అదురు భూమ్యాకర్షణ త్వరణమునకు సుమారు 40 రెట్లు. అణగుటకు 10 సెంటీమీటర్ల తావున్నచో సుమారు 20 రెట్లు. తావు చాలక మెత్త పూర్తిగా నణగిపోయెనా, లెక్క తారుమారగును. కుమ్మరి భయపడిన చెక్కబిగువు అదియే.

నాకు మిక్కిలి నచ్చినది మూడవ భాగము. వస్తువునకు తగిలిన దెబ్బ యొకటి, దానిలోని భాగమునకు చేరునది మరియొకటి యని అందు తేల్చెను. ఒకప్పుడు మా యింటికి రైలు పార్సెలులో గోడగడియారము వచ్చెను. అద్దమునకు గీటైన పడలేదు, పెట్టె మూల నలగలేదు. పెండులమును వ్రేలాడదీయు కాగితమంత పలుచని ఉక్కురేకు మాత్రము తెగియుండెను. దారిలో నేమి జరిగెనో చూచినవారు లేరు గాని, పట్టాల అతుకులపై చక్రములు వేయు తాళము లోపలి భాగపు సహజమైన ఊపుతో కలిసినచో, అదను చూచి త్రోసిన ఉయ్యాలవలె చిన్న కుదుపే పెనుకుదుపగును.

రేకు మార్చిన పనివాడు గణితము జోలికి పోలేదు. “పెండులం విప్పి, గుడ్డ చుట్టి, విడిగా పెట్టి పంపాలండీ” అని, తెగిన తునకను నా చేతిలో పెట్టెను.