రాళ్ళెక్కే బుల్లి బండ్ల కథ

రిమోట్ కారంటే రయ్యిమని హాలంతా తిరిగి, చివరికి మంచం కోడుకి గుద్దుకుని బోర్లా పడేదే అనుకుంటాం మనం. కానీ ఆ వంశంలోనే పరుగంటే గిట్టని శాఖ ఒకటి ఉంది. వాటిని రాక్ క్రాలర్లు అంటారు. బండరాయిని చీమలా పాకుతూ ఎక్కడమే వాటి పని. ఇంట్లో పిల్లాడో, పిల్లాడిలాంటి పెద్దాయనో ఇది కావాలని కూర్చుంటే, "ఇంత డబ్బు పోసి ఇంత నెమ్మది బండా?" అని మనకు అనిపించడం సహజమే. దీని కథ తెలిస్తే ఆ నెమ్మది విలువ తెలుస్తుంది.

ఈ సరదా అసలు జీపులతో మొదలైంది. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో రూబికాన్ అనే రాళ్ళదారి ఉంది. 1953లో జార్జ్‌టౌన్ అనే ఊరి నుంచి లేక్ టాహో వైపు ఆ దారిలో జీపుల యాత్ర జరిగింది. అప్పటి నుంచి ఏటా జరుగుతూనే ఉంది. అక్కడ వేగంగా పోతే మిగిలేది విరిగిన ఇరుసే. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవరు గేరు తగ్గించి ఎక్కిస్తాడే, అదే సూత్రం.

బొమ్మల లోకం మాత్రం చాలాకాలం పందేల వెంటే పడింది. జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ 1976లో తెచ్చిన మొదటి రిమోట్ కారు పోర్షే 934. అది రేసు కారు నమూనా. 1981లో అదే కంపెనీ టయోటా హైలక్స్ నమూనా తెచ్చింది. దానికి ఇనుప చట్రం, పట్టీ స్ప్రింగులు, మూడు గేర్లు ఉన్నాయి. 1987లో క్లాడ్ బస్టర్ వచ్చింది. పెద్ద పెద్ద చక్రాలు, ఒక్కో ఇరుసు మీద ఒక్కో మోటారు, నాలుగు చక్రాలూ తిరిగే స్టీరింగు దాని ప్రత్యేకతలు. కానీ అది గెంతడానికి చేసిన బండి, ఎక్కడానికి కాదు.

దాన్ని ఎక్కే బండిగా మార్చింది కంపెనీ కాదు, ఇళ్ళలో కూర్చున్న అభిమానులు. ఇరుసులు ఉంచుకుని చట్రం తీసేశారు. అల్యూమినియం కోసుకుని తమకు తగిన చట్రం చేసుకున్నారు. డిఫరెన్షియల్ గేర్లను గమ్ముతో బిగించేశారు. మలుపులో రెండు పక్కల చక్రాలూ వేరువేరు వేగాలతో తిరిగేలా చేసేది డిఫరెన్షియల్. రోడ్డు మీద అది కావాలి. రాళ్ళ మీద ఒక చక్రం గాల్లోకి లేస్తే మాత్రం ఖాళీగా ఉన్న ఆ చక్రమే గిరగిరా తిరుగుతుంది, రాయిని పట్టుకున్న చక్రం కదలదు. ఉమ్మడి కాపురాలు చూసిన మనకు ఇది కొత్త సంగతేం కాదు! బిగించేస్తే రెండూ కలిసి లాగాల్సిందే. కాకపోతే బండి మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి.

ఆ ఇంటి పనులనే తర్వాత కంపెనీలు అందిపుచ్చుకున్నాయి. 2000 దశకం చివర్లో యాక్సియల్ కంపెనీ ఏఎక్స్10 స్కార్పియన్ పేరుతో రాళ్ళెక్కడానికే పుట్టిన బండి అమ్మింది. 2017లో ట్రాక్సాస్ వాళ్ళ టీఆర్‌ఎక్స్-4 వచ్చింది. అందులో డిఫరెన్షియల్‌ని బిగించడం, వదలడం చేతిలోని రిమోట్‌తోనే చేయొచ్చు. చక్రం దగ్గర అదనపు గేర్లు పెట్టి ఇరుసును పైకి లేపారు, రాయి తగలకుండా.

ఇక కొనేటప్పుడు, మార్చేటప్పుడు చూడాల్సినవి. డబ్బు పెట్టాలంటే ముందు టైర్ల మీద పెట్టాలి. మెత్తని రబ్బరు, లోపల సరైన స్పాంజి ఉంటే టైరు రాయిని పట్టుకుంటుంది. తర్వాత బరువు. బండి ఎత్తుకి ఎక్కుతుంటే బరువంతా వెనక్కి పోయి వెల్లకిలా పడుతుంది. అందుకే ముందు ఇరుసు దగ్గర, వీలైనంత కిందన, ఇత్తడి ముక్కలు బిగిస్తారు. పైన బాడీ తేలిగ్గా ఉండాలి. బ్యాటరీని ముందుకీ కిందకీ జరపగలిగితే పైసా ఖర్చులేదు. రాళ్ళ మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పాలి కాబట్టి స్టీరింగు సర్వో బలమైనది కావాలి. మోటారు విషయంలో చాలామంది పొరపడతారు. లోపల తీగ చుట్లు తక్కువున్న మోటారు పరుగెడుతుంది, చుట్లు ఎక్కువున్నది నింపాదిగా లాగుతుంది. మనకు కావాల్సింది రెండోది.

వైరు తెగగానే చెత్తబుట్టలో పడే బొమ్మల కాలం ఇది. దీన్ని మాత్రం ప్రతి మరా విప్పి మళ్ళీ బిగించొచ్చు. విరిగింది మార్చుకోవడం నేర్చిన పిల్లలు రేపు ఇంట్లో మిక్సీని చూసి భయపడరు. ఆ స్క్రూడ్రైవరు అబ్బాయి చేతికే కాదు, అమ్మాయి చేతికీ ఇవ్వండి. కొట్టువాణ్ణి మాత్రం ఎంత స్పీడు పోతుందని అడగకండి. "గేరు ఒక్కటి విరిగితే, అదొక్కటే విడిగా దొరుకుతుందా?" అని అడగండి.