రహీం సాబ్ నజర్: పిల్లల్ని ఎంచుకోవడం ఒక అమానత్

మొన్న జుమ్మా నమాజ్ తర్వాత మా ఖమ్మం మొహల్లా కుర్రాళ్లు నన్ను చాయ్ హోటల్లో కూర్చోబెట్టారు. వాళ్ల ఫుట్‌బాల్ టీమ్‌లోకి కాలేజీ పిల్లల్ని ముగ్గుర్ని తీసుకోవాలి. పేర్లు ఐదు వచ్చాయి. రెండు పేర్ల మీద బహస్ లేదు. మిగిలిన ఒక్క జాగా కోసమే పంచాయతీ అంతా. ఒక అబ్బాయి మా టీమ్‌కు చందా ఇచ్చే పెద్దమనిషి మేనల్లుడు. ఇంకో అబ్బాయి భద్రాచలంలో డిగ్రీ చదివే కోయ పిల్లగాడు, ఊరు దుమ్ముగూడెం వైపు అడవి అంచున. ఆట చూసినవాళ్లంతా ఈ పిల్లగాడే మేలంటున్నారు. "కానీ చిచ్చా, టీమ్ మనది, ఖర్చు మనది, మనోళ్లే ఉంటే బాగుంటది గదా" అన్నాడు ఒకడు.

నేను వెంటనే జవాబివ్వలేదు. హైదరాబాద్ ఉస్తాద్ ఒకాయన ఖిస్సా చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, స్కూల్ టీచర్ అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచ్ బాధ్యత తీసుకున్నారు, అదే కాలం నుంచి భారత జట్టు బాధ్యత కూడా. ఆ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో కలకత్తా క్లబ్బులదే రాజ్యం. అలాంటి కాలంలో ఇది మామూలు మాట కాదు.

ఆయన దగ్గర డబ్బు లేదు, పెద్ద హోదా లేదు. ఉన్నది నజర్. ఆ నజర్ కూడా ఊరికే రాలేదు. పిల్లలకు వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ మనా, బాల్ అందగానే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. అలా ఆడిస్తే ఎవరి అసలు హునర్ ఏమిటో, ఎవరిది ఉత్త దిఖావానో తేలిపోతుంది. సిఫారిష్ చిట్టీ అక్కడ పని చేయదు. మేనల్లుడైనా ఎడమ కాలితో తన్నాల్సిందే.

ఇక తులసీదాస్ బలరాం సంగతి. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు, తమిళ మూలాలున్న పేద కుటుంబం. రహీం సాబ్ ఆట చూశారు, ట్రయల్స్‌కు రమ్మన్నారు. రానుపోను ఖర్చులకు పైసలు లేవన్నాడు పిల్లగాడు. ఖర్చు సంగతి నేను చూసుకుంటానన్నారు సాబ్. తర్వాతి కథ దేశమంతా చూసింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఆ బలరాం ఉన్నాడు. అతడితో పాటు మన హైదరాబాద్ వైపు నుంచి అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, పీటర్ తంగరాజ్ లాంటివాళ్లు ఉన్నారు. ఆ పేర్లను ఒకసారి పైకి చదవండి. ముస్లిం, హిందూ, క్రైస్తవ పేర్లు ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నట్టు ఉంటాయి. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

సొంత కొడుకు విషయంలోనూ ఆయన లెక్క అదే. హకీం సాబ్ కూడా మంచి ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. కానీ తండ్రి కోచ్‌గా ఉన్న ఆ టోర్నమెంట్‌లో ఆయనకు ఒక్క మ్యాచ్ కూడా ఆడే మౌకా రాలేదు. ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో మనకెందుకు? మైదాన్‌లో మాత్రం రిష్తా పని చేయలేదు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే పక్కన కూర్చోబెట్టేవారు. సాబ్ అతణ్ని తీసుకెళ్లి ముందు వరుసలో, ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం మనదే. మరుసటి ఏడాది, 1963 జూన్‌లో రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

మనిషిని ఎంచుకోవడం ఎక్కడైనా కష్టమే. అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ టీములు కాలేజీ పిల్లల్ని వరుస ప్రకారం ఎంచుకునే డ్రాఫ్ట్ అనే పద్ధతి 1936లో మొదలైంది. ఆ ఏడు అందరికంటే ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2000లో 199వ వాడిగా ఎంపికైన టామ్ బ్రాడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. అంత పైసా, అన్ని లెక్కలు ఉన్న దేశంలోనే నజర్ తప్పింది. మన నజర్ కూడా తప్పొచ్చు. కానీ నజర్ తప్పడం వేరు, నియ్యత్ తప్పడం వేరు. అమానత్‌ను దాని హఖ్‌దార్‌కే అప్పగించాలని మన దీన్ నేర్పింది. టీమ్‌లో ఒక జాగా కూడా అమానతే.

ఇక్కడ నా గునా కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న టోర్నమెంట్ సెలెక్షన్‌లో నేనూ ఒక కుర్చీలో కూర్చున్నాను. ఇల్లెందు వైపు నుంచి ఒక బొగ్గుగని కార్మికుడి కొడుకు వచ్చాడు, బంగారం లాంటి ఆట. కానీ పెద్దల దగ్గర్నుంచి ఇంకో పేరు వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. ఆ పిల్లగాడు బూట్లు చేతిలో పట్టుకుని, ఎవర్నీ ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. వాడు తర్వాత ఏమయ్యాడో తెలుసుకునే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఈ మాట చెప్పాక హోటల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "మనోళ్లే" అన్న కుర్రాడే ఫోన్ తీశాడు. భద్రాచలం నుంచి ఖమ్మం దాదాపు 120 కిలోమీటర్లు. ప్రాక్టీస్‌కు రానుపోను బస్ చార్జీ ఎవరు పెట్టుకుంటారని ఇంకొకడు అడిగాడు. టేబుల్ మీద డబ్బులు పడ్డాయి, నేనూ వేశాను. చందా పెద్దమనిషికి ఏం చెప్పాలన్న పని మాత్రం నాకే అప్పగించారు. రేపు అసర్ తర్వాత వెళ్తున్నాను. దువా చేయండి.